నాభిమర్మము, హృదయమర్మము
బృహద్ధమని యుబ్బును గూర్చిన యుపన్యాసము

(సంఘ వార్షిక మహాసభయందు చదువబడినది)



ముప్పది యేండ్లకు పైగా బడిపిల్లలకు శబ్దమంజరియు రఘువంశమును చెప్పినవారము మేము, వైద్యులము కాము. అట్టివారము శరీరమునందలి యొక రోగమును గూర్చి మాటలాడ నిలుచుట యేమని మీలో కొందరికి తోపవచ్చును. కారణము మనవి చేయుదుము. ఈ పందిటిలో ముందువరుసల నలంకరించియున్న పెద్దలలో పెక్కండ్రు అరువదియైదేండ్లు దాటిన పురుషులు. మేమును ఆ వరుసలోనివారమే. మేము చెప్పబోవు రోగము ముఖ్యముగా ఆ వయస్సు పురుషులకు, అందును పొగ త్రాగినవారికి వచ్చునది. అది నొప్పి లేకయే పెరుగును. తెలిసిననాటికి పెక్కుమారులు వేళ మించిపోయి యుండును. ఐనను దానిని ముందుగా కనుగొనుటకు పది నిమిషముల పరీక్ష చాలును. ఇంత సులువుగా తెలియదగినది మనవారిలో నింతమందికి తెలియకపోవుట మాకు బాధ కలిగించినది. కావున గ్రంథములను చదివియు, అనుభవజ్ఞులగు వైద్యుల నడిగియు తెలిసికొన్న విషయములను మీ ముందుంచుచున్నాము.

మొదట రోగస్థానమును తెలిసికొందము. గుండె యెడమభాగమునుండి బయలుదేరు మహానాళమునకు బృహద్ధమని యని పేరు. ఆంగ్లవైద్యులు దానిని అయోర్టా యందురు. అది గుండెనుండి పైకి లేచి, కొంకివలె వంగి, వెన్నెముక నానుకొని క్రిందికి దిగి, రొమ్మునకును పొట్టకును నడుమనున్న కండరపుతెరను దాటి ఉదరమున ప్రవేశించును. దారిలో మెదడునకు, చేతులకు, కాలేయమునకు, ప్రేగులకు, మూత్రపిండములకు శాఖల నొసగుచు వచ్చి, ఇంచుమించు బొడ్డునకు సరిగా లోపల రెండుగా చీలి కాళ్లకు పోవును. ధవళేశ్వరము దిగువను గోదావరి గౌతమి యనియు వసిష్ఠ యనియు చీలుట మీరెరిగినదే. ఈ మహానాళము చీలుట కూడ అట్టిదే.

ఉదరమునందు దీని యడ్డుకొలత పెద్దవారికి సుమారు 2 సెంటీమీటర్లు, అనగా బొటనవ్రేలి లావు. అది 3 సెంటీమీటర్లు గాని అంతకు మించి గాని యైనచో వైద్యులు దానిని ఎన్యూరిజము అందురు. మనము ధమని యుబ్బు అని చెప్పుకొందము. ఉదరమందలి యుబ్బులలో ఎక్కువభాగము మూత్రపిండముల శాఖలకు దిగువను, నాళము రెండుగా చీలుచోటికి ఎగువను ఏర్పడును.

ఉబ్బేల యేర్పడును? ఈ నాళపు గోడయందు సాగి మరల ముడుచుకొను నారలు కొన్నియు, మితిమీరి సాగనీయక బిగించి పట్టు నారలు కొన్నియు కలవు. వయస్సు చేతను, పొగ చేతను, రక్తపుపోటు చేతను, గోడలో పేరుకొను కొవ్వు చేతను, గోడయందు పుట్టు వాపు చేతను ఈ నారలు శిథిలమగును. గుండె దినమునకు ఇంచుమించు లక్షమారులు కొట్టుకొనును. కొట్టుకొనినప్పుడెల్ల లోపలి రక్తము ఆ బలహీనస్థలమును బయటికి త్రోయుచుండును. శిథిలమైన గోడ మరల ముడుచుకొనజాలక నానాటికి వెడల్పగును.

సైకిలు టైరు ఒకచోట అరిగినప్పుడు లోపలి ట్యూబు అచ్చట బుడిపెవలె పైకి వచ్చుట మీరందరు చూచినదే. గాలి యెప్పటియంతయే, కాని బుడిపె పెద్దదగుకొలది దాని పొర పలుచనగును. ఫ్రెంచి గణితవేత్త లాప్లాసు పేర వ్యవహరింపబడు నియమము దీనినే చెప్పుచున్నది. లోపలి యొత్తిడి మారకున్నను, గొట్టము వెడల్పు హెచ్చినకొలది గోడపై పడు బిగువు హెచ్చును. కావుననే చిన్నయుబ్బు సాధారణముగా ఏడాదికి రెండుమూడు మిల్లీమీటర్లు మాత్రమే పెరుగును. పెద్దయుబ్బు త్వరితముగా పెరిగి, పగులు భయమును అంతకంతకు హెచ్చించును. చెరువుగట్టునకు బుంగపడినప్పుడు మొదట చెమ్మ, పిదప ఊట, తుదకు గండి. చెమ్మనాడు చూచినవానికి గంపెడు మన్ను చాలును. గండిపడిన పిమ్మట ఊరంతయు కదలివచ్చినను నీరు నిలువదు.

సంస్కృతము చదివిన మాకు ఇచ్చట సుశ్రుతాచార్యుని మాట తలపునకు వచ్చుచున్నది. సుశ్రుతసంహిత నిదానస్థానము పదునొకండవ యధ్యాయమున గ్రంథులను నిరూపించుచు ఆయన సిరాజగ్రంథి యను నొకదానిని వర్ణించెను. బలహీనుడు శక్తికి మించి శ్రమించినచో వాయువు రక్తనాళముల యల్లికను కలచి గుండ్రనిదియు ఎత్తైనదియునగు గడ్డను పుట్టించునట. అది నొప్పితో కూడి కదలునదైనచో కష్టసాధ్యమనియు, నొప్పి లేక, కదలక, పెద్దదై, మర్మస్థానమున పుట్టినచో చికిత్సకు లొంగదు గనుక విడువదగినదనియు నిర్ణయించెను. నొప్పి లేనిచో భయము లేదని లోకము తలచును. నొప్పి లేని గడ్డయే యెక్కువ యపాయకరమని ఆ శస్త్రవైద్యుడు చెప్పెను.

మరియు శారీరస్థానము ఆరవ యధ్యాయమున ఆయన నూటయేడు మర్మములను చెప్పి, వానిలో పందొమ్మిదింటిని సద్యఃప్రాణహరములని వేరుపరచెను. దెబ్బతిన్నచో ఏడు దినములలోపల ప్రాణము తీయునవి యవి. వానిలో హృదయ మొకటి, నాభి యొకటి. ఏడవ యధ్యాయమున సిరలన్నిటికి నాభి మూలమనియు, చక్రపు కుండను ఆకులు చుట్టియున్నట్లు అవి దానిని చుట్టియున్నవనియు చెప్పెను. ఇంతమాత్రమున నేటి శాస్త్రమంతయు మన పూర్వులకు తెలియునని మేము వాదించుట లేదు. రక్తము గుండెనుండి వెడలి మరల గుండెకు చేరునని ఇంగ్లాండు దేశమున హార్వే 1628 లో నిరూపించెను. సిరలు నాభినుండి పుట్టుననుట నిలువదు. ఐనను హృదయమును, నాభిని ఒక్క పట్టికలో చేర్చిన యాచార్యుని చూపు నేటి మన విషయమునకు చక్కగా దారి చూపుచున్నది. ఏలయన, నాభికడ ధమని యుబ్బినవానికి హృదయము కూడ చెడియుండుట తరచు. ఈ సంగతిని ముందు విస్తరించి చెప్పెదము.

ఈ రోగముతో మరణించినవారిలో లోకప్రసిద్ధుడు ఆల్బర్టు ఐన్‌స్టీను. ఆయన పైపుతో పొగ త్రాగు నలవాటు గలవాడు. 1928 లో స్విట్జర్లాండు దేశమున కూలబడగా, గుండె పెద్దదైనదని చెప్పి వైద్యులు ఆయనకు దీర్ఘవిశ్రాంతి విధించిరి. 1948 డిసెంబరులో పొట్టనొప్పి కారణముగా బ్రూక్లినులోని యూదుల ఆసుపత్రియందు రుడాల్ఫు నిస్సెను అను శస్త్రవైద్యుడు ఆయన ఉదరమును తెరచి చూడగా బృహద్ధమనియందు పెద్ద యుబ్బు కానవచ్చెను. ఉబ్బిన భాగమును తొలగించి వేరొక గొట్టమును కుట్టు విద్య అప్పటికి సిద్ధింపలేదు. నిస్సెను ఆ యుబ్బుచుట్టు సెల్లోఫేను పొరను చుట్టెను. ఆ పొరను శరీరము సహింపక చుట్టును గట్టి కణజాలమును పెంచుననియు, అది గోడకు దడివలె నుండుననియు ఆనాటివారి యాశ. ఆయన పిమ్మట ఆరేండ్లకు పైగా జీవించెను. 1955 ఏప్రిలులో ఉబ్బు పగులనారంభించెను. అప్పటికి శస్త్రచికిత్స సాధ్యమై యుండెను. న్యూయార్కునుండి శస్త్రవైద్యుడును వచ్చెను. కాని కృత్రిమముగా ఆయువును పొడిగించుకొనుట తనకు రుచింపదని ఐన్‌స్టీను నిరాకరించెను. ఏప్రిలు 18 న ప్రిన్స్‌టనులో, 76 యేండ్ల వయస్సున, మరణించెను. ఆ నిరాకరణమును మనము విమర్శింపబనిలేదు. ఆయన తెలిసి యెన్నుకొనెను. మనవారు తెలియకయే పోవుచున్నారు. తెలియనివానికి ఎన్నుకొను నధికారము కూడ లేకపోవుచున్నది. మాకు విచారము కలిగించునది ఇదియే.

చికిత్స యెట్లు పెరిగినదో క్లుప్తముగా చెప్పెదము. 1951 మార్చి 29 న పారిసు నగరమున షార్ల్ డ్యూబో అను వైద్యుడు ఉబ్బిన ధమనిని తొలగించి, మృతుని శరీరమునుండి తీసిన ధమనిఖండమును దానిచోట కుట్టి రోగిని బ్రతికించెను. పిమ్మట అమెరికాలో మైకేల్ డిబేకీ అంగడిలో డేక్రాను బట్టను కొని, తన భార్య కుట్టుమిషనుమీద గొట్టములుగా కుట్టి పరీక్షించెను. నేటికిని అట్టి నేతగొట్టములే వాడుకలో నున్నవి. 1990 సెప్టెంబరులో బ్యూనస్ ఐరిస్ నగరమున హువాన్ పరోడి పొట్టను కోయకయే, గజ్జలోని ధమనిద్వారా మడిచిన గొట్టమును లోనికి పంపి, ఉబ్బినచోట దానిని విప్పి నిలిపెను. ఈ రెండు మార్గములను పోల్చిన యొక బ్రిటిషు పరిశోధన 2004 లో వెలువడెను. ముప్పది దినములలోపల మరణించినవారు పొట్ట తెరచిన పద్ధతిలో నూటికి 4.7, గజ్జద్వారా చేసిన పద్ధతిలో నూటికి 1.7. ఐనను గజ్జదారిని పెట్టిన గొట్టము ప్రక్కలనుండి రక్తము ఊరవచ్చును గనుక, ఆ పద్ధతిని చేయించుకొన్నవారు జీవితాంతము అప్పుడప్పుడు పరీక్ష చేయించుకొనుచు నుండవలెను. ఎవరికేది తగునో వైద్యుడే నిర్ణయింపవలయును.

ఉబ్బు కనబడినంతనే కోయవలెనా? అక్కరలేదు. 4 మొదలు 5.5 సెంటీమీటర్లవరకు గల యుబ్బులను వెంటనే కోసిన ప్రయోజనమేమని బ్రిటనునందును అమెరికాయందును విచారింపగా, 1998 లోను 2002 లోను వెలువడిన ఫలితములు ఒక్కటే చెప్పినవి: కనిపెట్టి చూచుచుండుటకంటె ముందే కోయుటవలన ఆయువు పెరుగలేదు. కావున పురుషులకు 5.5 సెంటీమీటర్లును, స్త్రీలకు 5 సెంటీమీటర్లును శస్త్రచికిత్సను తలపెట్టదగిన మేరగా ఏర్పడినవి. స్త్రీలలో ఈ రోగము తక్కువయైనను చిన్న కొలతకే పగులు స్వభావము గలది. మేర చేరకున్నను త్వరితముగా పెరిగినచో, నొప్పి పుట్టినచో, లెక్క వేరు. ఇంగ్లాండునందు 3 మొదలు 4.4 వరకు గలవారిని ఏడాదికొకసారియు, 4.5 మొదలు 5.4 వరకు గలవారిని మూడునెలల కొకసారియు చూచుచున్నారు. ఉబ్బును కరగించునదిగాని, దాని పెరుగుదలను నిశ్చయముగా ఆపునదిగాని ఔషధ మింతవరకు నిరూపితము కాలేదు. అట్టిది తమ యొద్ద కలదని చెప్పువారిని నమ్మకుడు.

ఇక పగులుటను గూర్చి. పగిలినవారిలో పెక్కండ్రు ఆసుపత్రి ముఖము చూడకయే పోవుదురు. చేరినవారిలోను అందరు దక్కరు. మొత్తముమీద నూటికి ఎనుబదిమంది వరకు మరణింతురని వైద్యుల లెక్క. అకస్మాత్తుగా పొట్టలోనో, నడుములోనో, డొక్కలోనో తీవ్రమైన నొప్పి, చెమటలు, కండ్లు చీకట్లు క్రమ్ముట, సొమ్మసిల్లుట, ఇవి దాని గురుతులు. నొప్పి గజ్జలోనికి దిగవచ్చును. అందువలననే మూత్రపిండపు రాయి యని, వాతమని, అజీర్ణమని పొరబడుట కలదు. ఐన్‌స్టీను నొప్పిని సయితము మొదట పిత్తాశయపు నొప్పియేమో యని సందేహించిరి.

మాతోడి యుపాధ్యాయు డొకరు చుట్ట కాల్చు నలవాటు గలవాడు. ఉద్యోగవిరమణమైన ఆరేండ్లకు నడుమునొప్పి యనెను. తైలము మర్దించిరి, వేడినీటి కాపడము పెట్టిరి. మరునాడు రాయి యని యెవరో చెప్పగా మాత్రలు తెప్పించిరి. మూడవనాటి రాత్రి స్నానపుగది గుమ్మమున కూలెను. పట్టణమునకు చేర్చునప్పటికి ప్రాణమున్నది. స్కానులో బృహద్ధమని పగిలినదని తెలిసినది. శస్త్రశాలకు కొనిపోవులోపలనే ఆయన పోయెను. అరువది దాటిన పొగత్రాగువానికి మొదటిసారి రాయినొప్పి వచ్చెనన్నచో, రాయి యని నిశ్చయించుటకు ముందు ధమనిని చూడుడని వైద్యులు తమ విద్యార్థులకు బోధింతురట. ఆ పాఠము ఇంటివారికిని తెలియవలసినదే.

ఇక హృదయమును గూర్చి చెప్పెదము. మాకు ముఖ్యమని తోచిన భాగమిది. గుండెకు రక్తమునిచ్చు సన్నని నాళములకు హృద్ధమనులని పేరు. పొగ, రక్తపుపోటు, కొవ్వు, వయస్సు అను నవే కారణములు పెద్దనాళపు గోడను సాగదీయును, చిన్ననాళపు గోడలో పేరుకొని దారిని మూయును. కావున పొట్టలో ఉబ్బున్నవానికి గుండెలో పూడిక యుండుట వింత కాదు. అమెరికాలోని క్లీవ్‌లాండు వైద్యాలయమువారు రక్తనాళరోగములతో వచ్చిన వేయిమందికి హృద్ధమనుల చిత్రములు తీసి 1984 లో ప్రకటించిరి. ఆ వేయిమందిలో హృద్ధమనులు నిర్దోషముగా నున్నవారు నూటికి ఎనమండుగురు మాత్రమే. ఉదరధమని యుబ్బు గలవారిలో నూటికి ముప్పదియొక్కరికి హృద్ధమనులు తీవ్రముగా చెడి, చికిత్సకు తగియుండెను. చిన్నయుబ్బు గలవానికి ఉబ్బు పగిలి పోవు భయముకంటె గుండెజబ్బుచే పోవు భయమే హెచ్చు. ఉబ్బును కొలుచుచు గుండెను మరచుట, ఇంటి దొడ్డితలుపు గడియవేసి వీథితలుపు తెరచియుంచుట వంటిది.

శస్త్రచికిత్సకు పూనుకొన్నప్పుడు ఈ సంబంధము మరింత ప్రధానమగును. ఉబ్బును కోయునప్పుడు మహానాళమును కొంతసేపు బిగించి పట్టుదురు. ఆ యొత్తిడి గుండెపై పడును. అందుచే ముందుగా గుండెను పరీక్షింతురు. ఆగక రెండంతస్తుల మెట్లెక్కగలవా, రొమ్ములో బరువు తోచునా, ఆయాసము కలుగునా యని అడుగుదురు. ఐనను ప్రతివానికి ముందు గుండెకు స్టెంటో బైపాసో చేసిననే పొట్ట ముట్టవలెనను నియమము లేదు. 2004 లో అమెరికాలో 510 మందిపై జరిగిన పరిశోధన వెలువడెను. రక్తనాళముల శస్త్రచికిత్సకు ముందు హృద్ధమనులను బాగుచేయించుకొన్నవారికిని, మందులతో నున్నవారికిని ఆయుర్దాయమున భేదము కనబడలేదు. గుండె తానుగా కోరునంత చికిత్స చేయింపవలెను గాని, పొట్ట పేరుచెప్పి చేయింపనక్కరలేదని దీని తాత్పర్యము. పొగ మానుట, రక్తపుపోటును అదుపున నుంచుట, వైద్యుడు చెప్పిన స్టాటిన్ వంటి మందును విడువక వాడుట, ఈ మూడును గుండెకు రక్ష.

ఈ మాట వెనుకనుండి ముందుకు కూడ నిజము. గుండెకు స్టెంటు వేయించుకొన్న పెద్దలు, బైపాసు చేయించుకొన్న పెద్దలు ఈ సభలో పలువురున్నారు. వారు తమ వైద్యుని, "అయ్యా, నా పొట్టలోని ధమనిని కూడ ఒక్కసారి చూచెదరా?" యని అడుగవలయును. మేము పైని చెప్పిన యుపాధ్యాయుని తమ్ముని పట్టుపట్టి పరీక్షకు పంపితిమి. 4.2 సెంటీమీటర్ల యుబ్బు కనబడినది. పిమ్మట గుండెను చూడగా రెండు హృద్ధమనులు సన్నగిల్లి యుండెను. ఆయన చుట్ట మానెను, మందులు వాడుచున్నాడు, ఏటేట కొలిపించుకొనుచున్నాడు. అన్న చావు తమ్మునికి ఆయువైనది.

రెండు సూక్ష్మములు చెప్పి ముందుకు సాగెదము. మధుమేహము గలవారికి ఈ ధమని యుబ్బు కొంత తక్కువగా వచ్చునని పరిశోధకులు కనుగొనిరి. వింతయే, కాని సంతోషింపదగినది కాదు. ఆ మధుమేహమే హృద్ధమనులకు పరమశత్రువు. రెండవది, సిప్రోఫ్లాక్సాసిన్ మొదలగు నొక తెగ మందులు బృహద్ధమని యుబ్బు గలవారికి తగవని, వేరు మందు లేనప్పుడే వాడవలెనని 2018 లో అమెరికా ఔషధాధికారులు హెచ్చరించిరి. మన యూళ్లలో జ్వరమునకును విరేచనములకును ఆ మాత్రలను అంగడిలో అడిగి కొనుట కలదు. ఉబ్బున్నదని తెలిసినవారు ఆ సంగతిని ప్రతి వైద్యునితోను మొదటనే చెప్పవలెను.

పరీక్షను గూర్చి యొక మాట. గర్భిణీస్త్రీలకు చేయు అల్ట్రాసౌండు పరీక్షయే యిది. సూది లేదు, కోత లేదు, ఎక్స్‌రే కిరణములు లేవు. ఖర్చు ఒక జరీపంచె వెలకు మించదు. బ్రిటనునందు 65 మొదలు 74 యేండ్లవరకు గల 67,800 మంది పురుషులపై చేసిన పరిశోధన 2002 లో వెలువడెను. పరీక్షకు పిలువబడినవారిలో ఈ రోగపు చావులు నాలుగేండ్లలో నూటికి 42 వంతులు తగ్గెను. ఇంగ్లాండు ప్రభుత్వము 2009 లో మొదలిడి 2013 నాటికి దేశమంతట 65 వ యేట పురుషులను పిలిచి చూచు నేర్పాటు చేసెను. అమెరికాలో 65 మొదలు 75 వరకు వయస్సుండి, జన్మములో నూరు సిగరెట్లైన కాల్చిన పురుషుల కందరికి ఒక్కసారి ఈ పరీక్ష చేయుడని 2005 లో నిపుణులు చెప్పిరి. నూరు సిగరెట్లన నెంత? చుట్ట వెలిగించువానికి ఒక్క ఋతువులో తీరు లెక్క. మన ప్రభుత్వములనుండి ఇట్టి పిలుపు వచ్చు నేర్పాటు లేదు. పిలుచువారు లేనిచోట సంఘమే పిలువవలెను. సంఘము లెందులకు?

ఇప్పుడు పొగాకును గూర్చి పోషకులతో ఒక మాట మనవి చేయవలసియున్నది. ఈ రోగమునకు మనము మాన్పుకొనదగిన కారణములలో మొదటిది పొగ. బ్రిటనునందు ఆ తొలి పరిశోధననాడు నూటికి ఇంచుమించు అయిదుగురిలో కనబడిన యుబ్బు, ఇటీవల 65 యేండ్లవారిలో నూటికి ఒక్కనియందు మాత్రమే కనబడుచున్నది. పొగ త్రాగువారు తగ్గుటయే దీనికి ప్రధానకారణమని వైద్యుల మతము. మన జిల్లాలలో పొగాకు పండును. మనవారిలో దానిని పండించువారును, అమ్మువారును కలరు. వారి విరాళములతో మన విద్యార్థుల చదువులు సాగినవి. ఆ ఋణమును మేము మరువము. ఐనను కృతజ్ఞత సత్యమునకు అడ్డు రాగూడదు. వారిని వ్యాపారము మానుడని మేము శాసింపజాలము. మన సభలలోను, మన పెండ్లిండ్లలోను తాంబూలపు పళ్లెరము ప్రక్కన సిగరెట్టు పెట్టె యుంచు మర్యాదను మాత్రము మానుదమని చేతులు జోడించి వేడుచున్నాము. అతిథికి రోగము నిచ్చుట మర్యాద కాదు. చుట్టయు బీడియు సిగరెట్టువంటివి కావను భ్రమయు విడువవలెను.

మేము ఈ మహాసభకు సమర్పించు ప్రార్థనలు రెండు.

మొదటిది: షష్టిపూర్తి చేసికొందుము, డెబ్బదవ యేట భీమరథశాంతి చేసికొందుము. ఆ రెంటి నడుమ అరువదియైదవ యేట ఒక్క పరీక్ష చేయించుకొందము. అరువదియైదు దాటి, ఎప్పుడైనను పొగ త్రాగిన ప్రతి పురుషుని పేరును సంఘము వ్రాసికొని, ఈ యేడాదిలోపల పరీక్షకు పంపవలెను. తండ్రికిగాని తోబుట్టువునకుగాని ఈ రోగమున్నవారు పొగ త్రాగకున్నను వైద్యుని సలహాతో ముందే చూపించుకొనవలెను. వారికి భయము ఇతరులకంటె ఇంచుమించు రెట్టింపు. యంత్రమును ఈ పందిటికే తెప్పింపరాదా యని కొందరడిగిరి. తగదు. గర్భస్థశిశువు లింగమును తెలుపుటను నిషేధించుచు 1994 లో వచ్చిన చట్టము ననుసరించి అట్టి యంత్రములు నమోదైన తావులయందే యుండవలెను. కావున పెద్దలను నమోదైన స్కానింగు కేంద్రమునకే కొనిపోవుదము. పేదలైనవారి ఖర్చును విద్యానిధితో కలుపక వేరొక నిధినుండి ఇత్తము.

రెండవది: మన సంఘమున కుటుంబముల పట్టిక యొకటి కలదు. ఇంటిపేరు, గోత్రము, స్వగ్రామము, నక్షత్రము అన్నియు అందున్నవి. తాతగారి గోత్రము చెప్పలేని బాలుడు మనలో లేడు. తాతగారు ఏ జబ్బుతో పోయెనో చెప్పగలవా రెందరు? "గుండె ఆగి పోయెను" అందురు. ఎవరికైనను తుదకు గుండె ఆగియే కదా పోవుట! ఆ పట్టికకు తోడుగా ఒక చిన్న పుస్తకము పెట్టి, ప్రతి పెద్ద పేరునకు ఎదురుగా ఆయన యే వయస్సున, ఏ రోగముతో పోయెనో వ్రాయుదమని మా కోరిక.

దీనికి వచ్చు నాక్షేపణ మేమెరుగుదుము. వంశమున రోగమున్నదని వ్రాసినచో పిల్లకు సంబంధములు రావని తల్లులు భయపడుదురు. ఆ భయము తేలికగా త్రోసివేయదగినది కాదు, కన్నవారి భయమది. కావున ఆ పుస్తకము వివాహసమాచారముతో ఏమాత్రము కలువరాదు. ఇద్దరు పెద్దల తాళమున నుండవలెను. అడిగినవారి కుటుంబపు పుట మాత్రమే అడిగినవారికి చూపవలెను. ఇష్టము లేనివారు వ్రాయింపకుందురు గాక. ఇంకొక మాట. ఇది ముదిమిలో వచ్చు రోగము, ముందు తెలిసినచో చాలవరకు కుదుర్చదగినది. దానిని దాచుటవలన పిల్లకు సంబంధము నిలుచునేమో కాని, తండ్రి నిలువడు.

మహాశయులారా! మేము చెప్పినది భయపెట్టుటకు కాదు. పొట్టలో ఉబ్బు లేదని తేలినవాడు నిశ్చింతగా నిద్రించును. అరువదియైదేండ్ల వయస్సున నాళము సరిగానున్నచో, పిమ్మట ఈ రోగముతో పోవు భయము మిక్కిలి తక్కువ. ఉన్నదని తేలినవాడు చెమ్మనాడే గట్టును చూచినవాడగును. తన హృదయమును కూడ కాపాడుకొనును. నొప్పి కలుగలేదు గనుక రోగము లేదను మాటను మాత్రము మనమందరము విడువవలెను.

పందిటి వాకిట మేము ఒక కాగితమును, కలమును ఉంచితిమి. అందు మొదటి పేరు మాదే వ్రాసితిమి. భోజనమునకు లేచునప్పుడు అరువదియైదు దాటిన సోదరులు తమ పేరును, ఊరును అందు వ్రాసి మమ్ము కృతార్థులను చేయగోరుచున్నాము. తండ్రుల పేర్లు వ్రాయించుటకు కుమారులును, భర్తల పేర్లు వ్రాయించుటకు సోదరీమణులును వెనుదీయకుందురు గాక.